‘తాగుడు మాన్పించే 10 సూత్రాలు’: దయచేసి ఇక పంపకండి

ఈ నెలలో ఆ మెసేజ్ రాని గ్రూపు లేదు. కాలనీ గ్రూపులో వచ్చింది, పదో తరగతి దోస్తుల గ్రూపులో వచ్చింది, చివరికి మందుల షాపుల వాళ్ల గ్రూపులో కూడా ఒకాయన పెట్టాడు. దాని కింద వరసగా దండాలు, పూలగుత్తులు. పంపినవాళ్లలో చెడ్డవాళ్లెవరూ లేరు, అదే నా బాధ. ఇంట్లో తాగే మనిషితో వేగలేక సగమైపోయిన వాళ్ల చేతికి ఇది చేరుతోంది. వాళ్లు నవ్వుకుని వదిలేయరు, చేసి చూస్తారు.

నేను హైదరాబాద్‌లో ఎర్రగడ్డకు దగ్గర్లో మందుల షాపు నడుపుతాను. డాక్టర్ని కాదు. కానీ ఈ మెసేజ్ చదివి తిన్నగా నా కౌంటర్ దగ్గరికి వచ్చేవాళ్లకు రోజూ చెప్పీ చెప్పీ నోరు నొప్పి పుడుతోంది. ఒకసారి రాసి పెట్టుకుంటే ఇకనుంచి ఇదే పంపొచ్చని మొదలుపెట్టాను.

మెసేజ్ చూడనివాళ్ల కోసం దాని సారం: 1. తాగుడు జబ్బు కాదు, మనసు బలహీనత. 2. ఒక్క దెబ్బకు మాన్పించాలి, 3 రోజులు గదిలో పెట్టి తాళం వేయాలి. 3. చేతులు వణికితే నటన, కరగొద్దు. 4. మాన్పించే పొడిని మజ్జిగలోనో చారులోనో ఆయనకు తెలియకుండా కలపాలి. 5. విస్కీ మానలేకపోతే కల్లుకు మార్చాలి, అది ప్రకృతి ప్రసాదం. 6. డాక్టర్లిచ్చే మాత్రలు ఇంకో వ్యసనం. 7. పెళ్లికాని వాడైతే పెళ్లి చేయాలి. 8. పరగడుపున కాకరకాయ రసం. 9. ఏదీ కుదరకపోతే డీ-అడిక్షన్ సెంటర్‌కు ఫోన్ చేయాలి, వాళ్లే వ్యాన్‌లో వచ్చి ఎత్తుకెళ్తారు. 10. ఒకసారి మాని మళ్లీ తాగినవాడి మీద ఆశ వదులుకోవాలి.

ముందు తేలికవి అవగొడతాను. కాకరకాయ రసం: తాగండి. షుగర్ మాత్రలు వాడేవాళ్లు కాస్త చూసుకుని తాగండి. తాగుడుకీ దానికీ సంబంధం లేదు. పెళ్లి: ఆ పిల్ల మీకేం అపకారం చేసింది?

ఇక కల్లు. చెట్టు దిగగానే ముంతలో పోసిచ్చే కల్లు సంగతి వేరు. దానిలోనూ ఆల్కహాల్ ఉంటుందనుకోండి, అయినా వేరు. ఊళ్లో తాతలు తాగింది అదే. నగరం నడిబొడ్డున కాంపౌండ్లలో పొద్దస్తమానం సీసాలకు సీసాలు అమ్ముడయ్యే కల్లుకు సరిపడా తాటిచెట్లు, ఈతచెట్లు ఎక్కడున్నాయో మెసేజ్ రాసిన మహానుభావుడు చెప్పాలి. ఆ లోటు పూడ్చేవి అల్ప్రాజోలం, డైజోఫామ్, క్లోరల్ హైడ్రేట్ అనే నిద్రమందులు. ఎక్సైజ్ వాళ్లు పట్టుకుంటూనే ఉంటారు, పేపర్లో వస్తూనే ఉంటుంది. 2025 జులైలో కూకట్‌పల్లిలో కల్తీ కల్లు తాగి మనుషులు చనిపోయారు. విస్కీ మాన్పించి ఈ కల్లు పట్టిస్తే ఉన్న ఆల్కహాల్ పోదు, పైన నిద్రమాత్రల అలవాటు కూడా తోడవుతుంది.

2020 మార్చి చివర్లో లాక్‌డౌన్ వచ్చినప్పుడు వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒకేసారి మూతపడ్డాయి. ఒకరకంగా చూస్తే ఈ మెసేజ్‌లోని రెండో సూత్రాన్ని రాష్ట్రమంతా ఒకేసారి అమలు చేసినట్టే. ఏమైంది? రోజుల్లోనే ఎర్రగడ్డ మానసిక చికిత్సాలయం ఓపీకి జనం పోటెత్తారు. ఫిట్స్ వచ్చినవాళ్లు, కంటికి కునుకు లేనివాళ్లు, గోడ మీద పురుగులు పాకుతున్నాయని చేతులతో దులుపుతున్నవాళ్లు. వాళ్లంతా మూకుమ్మడిగా నటించారంటే ఆ నటులకు నంది అవార్డులు ఇవ్వాల్సింది.

కేరళలో ఇంకా విచిత్రం జరిగింది. మందు దొరక్క ఆత్మహత్యలు మొదలయ్యేసరికి, డాక్టర్ చీటీ ఉన్నవాళ్లకు మద్యం ఇవ్వాలని ప్రభుత్వమే ఉత్తర్వు ఇచ్చింది. డాక్టర్లు ఒప్పుకోలేదు, హైకోర్టు ఏప్రిల్ మొదట్లోనే దాని మీద స్టే ఇచ్చింది. ఆ ఉత్తర్వు తప్పే. కానీ ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుందని ఆ ప్రభుత్వానికి అర్థమైన సంగతి మన ఫార్వార్డు మేధావికి మాత్రం ఇంకా అర్థం కాలేదు.

తాళం విషయం గట్టిగానే చెప్పాలి. ఏళ్ల తరబడి రోజూ బాగా తాగే మనిషి ఉన్నట్టుండి ఆపేస్తే, చివరి పెగ్గు తర్వాత కొన్ని గంటల నుంచి ఒక రోజులోపు వణుకు, చెమటలు, గుండెదడ మొదలవుతాయి. ఫిట్స్ వస్తే ఎక్కువగా మొదటి 48 గంటల్లో వస్తాయి. అన్నిటికంటే ప్రమాదమైన దశ రెండో రోజు నుంచి నాలుగో రోజు మధ్యలో వస్తుంది: ఒళ్లు కాలిపోతుంది, మనుషుల్ని గుర్తుపట్టరు, లేనివి కనబడతాయి, బీపీ ఎగబాకుతుంది. దీన్నే డాక్టర్లు డెలీరియం ట్రెమెన్స్ అంటారు. చికిత్స అందకపోతే చనిపోతారు. ఇప్పుడు మెసేజ్‌లో ఏముందో మళ్లీ చదవండి: “3 రోజులు తలుపు తీయొద్దు, అరిచినా తీయొద్దు.” ఏ 3 రోజులు మనిషిని కనిపెట్టుకుని ఉండాలో సరిగ్గా ఆ 3 రోజులు తలుపు మూసి ఉంచమంటున్నాడు!

తాగేవాళ్లందరికీ ఇలా అవ్వదు. ఆదివారం ఆదివారం తాగేవాడికి అవ్వదు. కానీ పొద్దున లేవగానే చేతులు వణికి, ఒక క్వార్టర్ పడితేగానీ బ్రష్ పట్టుకోలేని మనిషికి అవ్వొచ్చు. ఇదివరకు ఎప్పుడైనా మానినప్పుడు ఫిట్స్ వచ్చి ఉంటే మరీ అవ్వొచ్చు. అలాంటివాళ్లు డాక్టర్ చేతుల మీదుగానే ఆపాలి. వణుకు తగ్గించే క్లోర్‌డయాజిపాక్సైడ్‌నో లోరాజిపామ్‌నో మొదలుపెట్టి, వారం పది రోజుల్లో రోజురోజుకూ తగ్గిస్తూ ఆపేస్తారు. విటమిన్ బి1 ఇస్తారు. ఈ బి1 సంగతి చాలామంది పట్టించుకోరు. తిండి మానేసి తాగిన మనిషికి గల్లీ ఆర్‌ఎంపీ దగ్గర “నీరసంగా ఉన్నాడు, ఒక గ్లూకోజ్ ఎక్కిద్దాం” అంటారు చూడండి, బి1 ఇవ్వకుండా ఆ సీసా ఎక్కిస్తే మెదడు దెబ్బతినే ప్రమాదం ఉంది. ఫిట్స్ వచ్చినా, మాట తడబడి మనిషి అయోమయంలో పడ్డా 108కి ఫోన్ చేయండి. తాళంచెవి వెతుక్కునే టైమ్ కూడా ఉండదు.

ఇక నాలుగోది, తెలియకుండా పొడి కలపడం. నా అసలు కోపమంతా దీని మీదే.

మొన్న ఒకామె వచ్చింది, బోరబండ వైపు నుంచి. రద్దీ తగ్గేదాకా పక్కన నిలబడి, ఎవరూ లేనప్పుడు దగ్గరికొచ్చి, “అన్నా, ఆయనకు ఎరుక కాకుండ కలిపే గోలీలుంటయంట గదా” అంది. లేవన్నాను. చీర కొంగు ముడి విప్పి ఒక పొట్లం తీసి, “అయితే ఇది మంచిదేనా చూడు” అంది. న్యూస్‌పేపర్ ముక్కలో బూడిద రంగు పొడి, వాము వాసన. పైన బాల్‌పెన్నుతో “రెండు చిటికెలు, రాత్రి కూరలో” అని ఉంది. తయారుచేసినవాడి పేరు లేదు, తేదీ లేదు, లోపల ఏముందో లేదు. దానికి 3 వేలు పెట్టింది. నాలుగిళ్లలో పాచిపని చేస్తుందామె.

ఆ పొడిలో ఏముందో నాకు తెలియదు, ఆమెకూ తెలియదు. రెండే రెండు మాటలకు ఆస్కారం ఉంది. అందులో ఏమీ లేదనుకోండి, 3 వేలు బూడిదలో పోసినట్టు, అక్షరాలా. లేదా నిజంగానే పనిచేసే మందు ఏదో నూరి కలిపారనుకోండి, అప్పుడు కథ ఇంకా ఘోరం.

తాగితే ఒంటికి పడకుండా చేసే మందు నిజంగానే ఉంది. పేరు డైసల్ఫిరామ్. 1940ల చివర్లో కోపెన్‌హాగన్‌లో ఇద్దరు పరిశోధకులు దాన్ని పేగుల్లో పురుగుల మందుగా పరీక్షిస్తూ, ముందు తామే మింగి చూశారు. ఆ తర్వాత ఎప్పుడు కాస్త మద్యం పుచ్చుకున్నా మొహం ఎర్రబడి, గుండె దడదడలాడి, కడుపులో తిప్పింది. అలా బయటపడింది దాని గుణం. మద్యం ఒంట్లో విరిగినప్పుడు పుట్టే ఎసిటాల్డిహైడ్ అనే విషపదార్థాన్ని శరీరం వెంటనే వదిలించుకుంటుంది. ఈ మందు ఆ పనిని ఆపేస్తుంది, విషం పేరుకుంటుంది. వాంతులు, తలపోటు, బీపీ పడిపోవడం. గుండె జబ్బున్న మనిషికి అది చివరి పెగ్గు కావచ్చు.

అందుకే డాక్టర్ ఈ మాత్ర రాసేముందు లివర్ పరీక్ష చేయిస్తాడు, గుండె సంగతి చూస్తాడు, చివరిసారి తాగి కనీసం 12 గంటలు అయిందో లేదో అడుగుతాడు. మాత్ర ఆపేశాక కూడా 2 వారాల దాకా మద్యం ముట్టుకోకూడదని, ఆల్కహాల్ ఉండే దగ్గు సిరప్పులు కూడా వద్దని చెప్తాడు. ఇవన్నీ ఎవరికి చెప్పాలి? మింగే మనిషికి. చారులో కలిపి పోస్తే ఆయనకేం తెలుస్తుంది? వైన్స్‌కు వెళ్తాడు, తాగుతాడు, పర్మిట్ రూమ్‌లో కూలబడతాడు. పక్కనున్నవాళ్లు “ఎక్కువైంది, పడుకోనీ” అంటారు. ఇంకొకటి చెప్తాను, ఇది మా కౌంటర్ దగ్గర మాత్రమే తట్టే సంగతి. విరేచనాలకు విరివిగా రాసే మెట్రోనిడజోల్ డైసల్ఫిరామ్‌తో కలవకూడదు, కలిస్తే మతి చలించొచ్చు. తను ఏం మింగుతున్నాడో తెలియని మనిషి డాక్టర్‌కు ఏమని చెప్తాడు, నాకేమని చెప్తాడు?

అన్నిటికంటే తమాషా ఏంటంటే, తెలియకుండా ఇస్తే ఆ మందు అసలు ఉద్దేశమే పోతుంది. ఏది అసలు మాత్రో ఏది ఉత్తుత్తి మాత్రో రోగికి తెలియకుండా ఇచ్చిన పరీక్షల్లో డైసల్ఫిరామ్‌కు పెద్దగా తేడా కనబడలేదు. తెలిసి వేసుకున్న పరీక్షల్లో మాత్రం స్పష్టంగా మేలు కనబడింది. 2014లో ఆ పరీక్షలన్నీ కలిపి చూసినవాళ్లు తేల్చింది ఇదే. పొద్దున్నే మాత్ర వేసుకున్నానన్న సంగతి సాయంత్రం వైన్స్ ముందు గుర్తొచ్చి కాలు వెనక్కి లాగుతుంది, దాని పని అంతే. ఆయన బుర్రలో ఉండాల్సిన మందును మీరు చారులో దాచేస్తున్నారు!

ఇంటివాళ్లకు ఇందులో పాత్రే లేదని కాదు. చాలామంది డాక్టర్లు చెప్పే పద్ధతి: ఆయన ఒప్పుకుని, రోజూ పొద్దున టీకి ముందు, భార్యో తల్లో ఎదురుగా ఉండగా తన చేత్తో తను మాత్ర వేసుకుంటాడు. ఒప్పుకోని రోజు గొడవ పడకుండా డాక్టర్‌కు ఫోన్ చేస్తారు. ఆమెకు ఇదే చెప్పాను. “ఆయన ఒప్పుకుంటే ఈ బాధంత ఎందుకన్నా” అంది. ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎర్రగడ్డ ఓపీకి ముందు నువ్వొక్కదానివే వెళ్లు, ఇంట్లోవాళ్లతో కూడా మాట్లాడతారు అని మాత్రం చెప్పాను. పొట్లం మళ్లీ కొంగున కట్టుకుని వెళ్లిపోయింది. పారేసిందో లేదో.

ఆరోది, మాత్రలు ఇంకో వ్యసనమట. ఇక్కడ సగం నిజముంది, ఒప్పుకుంటాను. వణుకు తగ్గించడానికి మొదటి వారం ఇచ్చే మాత్రలు అలవాటయ్యే రకమే. అందుకే వారం పది రోజులకు మించి సాగనివ్వరు. ఏడాది కిందటి చీటీ మడతలు పడి చిరిగిపోయినా అదే చూపించి “అవే ఇంకో పది” అనేవాళ్లు నాకు రోజూ తగులుతారు. ఇవ్వను. కానీ తర్వాత మళ్లీ తాగకుండా వాడే నాల్‌ట్రెక్సోన్, అకాంప్రోసేట్ అలాంటివి కావు. నాల్‌ట్రెక్సోన్ తాగితే వచ్చే కిక్కును తగ్గిస్తుంది, అమెరికాలో తాగుడు చికిత్సకు 1994లోనే అనుమతి వచ్చింది. ట్రమడాల్ లాంటి నొప్పి మాత్రలు వాడేవాళ్లు ముందే చెప్పాలి, అంతే. ముప్పై ఏళ్లు దాటినా వీటి పేరు వినని ఇళ్లు మన బస్తీల్లో కోకొల్లలు, వాము పొడి పేరు మాత్రం అందరికీ తెలుసు.

వ్యాన్ సంగతి. నిద్రలో ఉన్న మనిషిని నలుగురు వచ్చి చేతులు విరిచిపట్టుకుని తీసుకెళ్లడం, రెండు నెలలు ఇంటివాళ్లకు చూపించకపోవడం చికిత్స కాదు. ఇలాంటి చోట ఉండి వచ్చినవాళ్లు ఇద్దరు ముగ్గురు నాకు తెలుసు, బయటికొచ్చిన రోజే తాగారు, కసితో. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం తాగుడు వల్ల వచ్చే మానసిక సమస్యలను కూడా తన కిందికి తెచ్చింది. రిజిస్ట్రేషన్ లేకుండా సెంటర్ నడపకూడదు. గొలుసులు వేయడం నిషేధం. రోగి ఒప్పుకోకపోయినా చేర్చాల్సిన పరిస్థితి ఉంటే, సైకియాట్రిస్టు, ఇంకో నిపుణుడు విడివిడిగా చూసి సరేననాలి, అదీ మొదట 30 రోజులకు మించకుండా. కాబట్టి ఫోన్ చేసినప్పుడు అడగండి: రిజిస్ట్రేషన్ నంబరు ఎంత? సైకియాట్రిస్టు ఎవరు, ఏ రోజుల్లో వస్తారు? మేం వచ్చి చూడొచ్చా? మూడో ప్రశ్నకు నసిగితే పెట్టేయండి.

మొదటి సూత్రాన్ని కావాలనే ఇంతదూరం తెచ్చాను. “జబ్బు కాదు, బలహీనత” అన్న మాట వినగానే నాలాంటివాళ్లు “కాదు, ఇది మెదడు జబ్బు” అని ఎగిరిపడాలి కదా. నేను ఎగరను. సొంతంగా మానేసినవాళ్లు బోలెడంత మంది ఉన్నారు. 2001–02లో అమెరికాలో చేసిన పెద్ద సర్వేలో, ఒకప్పుడు మద్యానికి బానిసలైనవాళ్లలో నాలుగోవంతు మందే ఎప్పుడైనా చికిత్స తీసుకున్నారు. మిగతావాళ్లలోనూ చాలామంది బయటపడ్డారు. వియత్నాం యుద్ధంలో హెరాయిన్‌కు అలవాటుపడ్డ అమెరికా సైనికుల్లో చాలామంది ఇంటికెళ్లాక మళ్లీ ఆ ఊబిలో పడలేదని లీ రాబిన్స్ అనే ఆవిడ 1970ల్లోనే చూపించింది. చోటు మారింది, మనుషులు మారారు, పని దొరికింది. మనిషి సంకల్పానికి విలువ లేదని నేనెలా అంటాను?

పైగా “మెదడు జబ్బు” అన్న మాటను కూడా మనవాళ్లు బాగానే వాడేసుకుంటున్నారు. కడుపుమంటకు మాత్రలు కొనడానికి వచ్చే ఒకాయన ఉన్నాడు, గుప్పున వాసన. తగ్గించొచ్చు కదా అంటే, “నాది జబ్బన్నా, డాక్టరే చెప్పిండు, నేనేం చేస్త” అంటాడు. జబ్బనేసరికి తన వంతు ఏమీ లేదనుకున్నాడు. మెసేజ్ రాసినవాడేమో అంతా ఆయన వంతే అంటాడు. షుగర్ కూడా జబ్బే, అయినా నడవాల్సింది మనమే.

కాకపోతే ఈ సూత్రాలు రాసిన పెద్దమనిషిని ఒకటి అడగాలి. మొదటి పాయింటులో మానడమంతా ఆయన మనసు మీదే ఉందంటావు. తర్వాత ఒక్కచోటైనా ఆయన్ని ఏమైనా అడిగావా? గదిలో వేయి, తెలియకుండా కలుపు, వ్యాన్ పిలువు, పెళ్లి చేయి. ఇన్ని సూత్రాల్లో “ఆయనతో మాట్లాడండి” అన్న సూత్రం లేదు. తాగని పూట, తలనొప్పి తగ్గాక, అరవకుండా ఒక పావుగంట. ఎప్పుడు ఎక్కువ తాగుతున్నాడు, జీతం రోజునా, నిద్ర పట్టని రోజునా? ఎవరితో? పోయినసారి నెల మానినప్పుడు ఏది సాయపడింది? డాక్టర్లు, కౌన్సెలర్లు మొదట అడిగేది ఇవే. ఆయన అసలు మాట్లాడనంటే ముందు మీరే 14416కు ఫోన్ చేయొచ్చు, అది టెలీ మానస్ అనే ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడతారు. డీ-అడిక్షన్ హెల్ప్‌లైన్ 14446. రెండూ ఉచితం.

పదోది: మళ్లీ తాగితే ఆశ వదులుకోవాలట. ఈ లెక్కన బీపీ ఉన్నవాళ్లలో సగం మందిని వదిలేయాలి. మాత్రలు మానేసి, ఆవకాయ లాగించి, బీపీ పెంచుకుని వచ్చేవాళ్లను నేను రోజూ చూస్తాను. చికిత్స తర్వాత మళ్లీ వ్యసనంలో పడేవాళ్లు 40 నుంచి 60 శాతం ఉంటే, బీపీ, ఉబ్బసం లాంటి వాటిలో చెప్పింది పాటించక మళ్లీ ముదిరేవాళ్లు 50 నుంచి 70 శాతం ఉంటారని 2000లోనే ఒక అమెరికా వైద్య పత్రికలో లెక్క వేశారు. బీపీ పెరిగి వచ్చినవాణ్ని ఎవరూ “ఇక నీ ఖర్మ” అనరు. మందు మారుస్తారు, నాలుగు తిట్లు తిడతారు, పంపుతారు. ఇక్కడ మొదటిసారికే దిక్కు లేదు. ఎయిమ్స్ వాళ్లు కేంద్ర ప్రభుత్వం కోసం చేసిన 2019 సర్వే ప్రకారం మద్యానికి బానిసైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక చికిత్స అందుతోంది.

మళ్లీ తాగాడంటే చేయాల్సింది ఒకటే, అదే డాక్టర్ దగ్గరికి మళ్లీ వెళ్లడం. చాలామంది సిగ్గుపడి అక్కడికి వెళ్లరు, నా దగ్గరికి వచ్చి పాత చీటీ మీదే ఇవ్వమంటారు. పోయినసారి మానేసి ఎన్నాళ్లయింది, ఈసారి ఎంత తాగుతున్నాడు అన్నదాన్ని బట్టి మందు మారుతుంది. పాత చీటీలు, వాడిన మాత్రల అట్టలు పారేయకండి. అన్నీ ఒక కవర్లో వేసి ఓపీకి తీసుకెళ్లండి, ఆయన్ని కూడా.